ఆగని మూర్ఛకు చల్లదనం: పిల్లల ఐసీయూలో ఒక చికిత్స, దాని హద్దులు

మూర్ఛ వచ్చిన పిల్లల్లో చాలామందికి అది రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఆగిపోయి, బిడ్డ కాసేపు మగతగా పడుకుని, నెమ్మదిగా తేరుకుంటుంది. కొద్దిమందిలో మాత్రం అది ఆగదు. 5 నిమిషాలు దాటినా కొట్టుకోవడం తగ్గకపోతే, లేదా ఒక ఫిట్ తరువాత మరొకటి వస్తూ మధ్యలో స్పృహ రాకపోతే, ఆ స్థితిని స్టేటస్ ఎపిలెప్టికస్ అంటారు. వార్డుల్లో వైద్యులూ నర్సులూ క్లుప్తంగా ‘స్టేటస్’ అంటారు. మూర్ఛ వ్యాధిపై పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన నిర్వచనంలో రెండు గడువులున్నాయి. ఒళ్లంతా బిగుసుకుని కొట్టుకునే రకం మూర్ఛలో మొదటి గడువు 5వ నిమిషం. అది దాటితే మూర్ఛ తనంతట తాను ఆగే అవకాశం తగ్గిపోతుంది కాబట్టి మందు వేయాల్సిందే. రెండోది 30వ నిమిషం. అక్కడి నుంచి మెదడుకు శాశ్వతంగా నష్టం జరిగే ప్రమాదం పెరుగుతూ పోతుంది.

ఉత్తర లండన్‌లో జరిగి 2006లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఏటా లక్షమంది పిల్లల్లో సుమారు 20 మందికి ఇలాంటి స్థితి వస్తోంది, వారిలో దాదాపు 3 శాతం మంది చనిపోతున్నారు. అది అన్ని వసతులూ ఉన్న నగరంలోని లెక్క. మెదడువాపు, మెనింజైటిస్, మెదడులో బద్దెపురుగు తిత్తులు వంటి కారణాలు ఎక్కువగా ఉండే ప్రాంతాలకు దాన్ని ఉన్నదున్నట్టు వర్తింపజేయలేము.

చికిత్స మెట్లు మెట్లుగా సాగుతుంది. మొదట లోరాజెపామ్, మిడజోలామ్ వంటి బెంజోడయజెపీన్ మందు ఒకటి, అవసరమైతే రెండోసారి. దానికీ లొంగకపోతే లెవెటిరాసెటమ్, ఫాస్‌ఫెనిటాయిన్, వాల్‌ప్రొయేట్ మందుల్లో ఒకటి సెలైన్ ద్వారా ఎక్కిస్తారు. ఈ మూడింటిలో ఏది మేలో తేల్చడానికి అమెరికాలో పిల్లలనూ పెద్దలనూ కలిపి జరిపిన పెద్ద పరీక్ష ఫలితం 2019లో వచ్చింది. మూడూ ఒకటే, ఏది ఇచ్చినా దాదాపు సగం మందిలోనే మూర్ఛ ఆగింది. అంటే ఆ మెట్టు దాకా వచ్చిన ప్రతి ఇద్దరిలో ఒకరు తరువాతి మెట్టు ఎక్కాల్సి వస్తోంది. రెండు రకాల మందులకూ లొంగని మూర్ఛను మొండి స్టేటస్ అంటారు. అప్పుడు బిడ్డను వెంటిలేటర్ మీద పెట్టి, మిడజోలామ్, థయోపెంటోన్, కెటమిన్ వంటి మత్తుమందులు ధారగా ఇస్తారు. మత్తు మొదలుపెట్టి 24 గంటలు గడిచినా మూర్ఛ ఆగకపోతే, లేక మత్తు తగ్గించగానే మళ్లీ తలెత్తితే అది అతి మొండి స్టేటస్. శరీరాన్ని చల్లబరిచే ఆలోచన వైద్యులకు సాధారణంగా ఇక్కడే వస్తుంది. అప్పటికి వాడదగిన మందులు దాదాపు అయిపోయి ఉంటాయి, తల్లిదండ్రులు ఐసీయూ బయట రోజుల తరబడి కూర్చుని ఉంటారు, మెదడులోని విద్యుత్ తరంగాలను చూపే ఈఈజీ తెర మీద గీతలు మాత్రం శాంతించవు.

ఇక్కడ ఒక సంగతి విడమరచి చెప్పుకోవాలి. జ్వరం వచ్చిన పిల్లల నుదుట తడిగుడ్డ వేయడానికీ ఈ చికిత్సకూ సంబంధం లేదు. తడిగుడ్డ, పారాసిటమాల్ జ్వరాన్ని దించి బిడ్డకు కాస్త హాయినిస్తాయి. శీతలీకరణ చికిత్సలో మాత్రం శరీరం మామూలుగా ఉండే 37 డిగ్రీల సెల్సియస్‌ నుంచి బలవంతంగా 32 నుంచి 35 డిగ్రీల మధ్యకు దించుతారు. 33 డిగ్రీలు అంటే మన ఇళ్లలో వాడే ఫారెన్‌హీట్ కొలతలో సుమారు 91. శరీరం ఆ స్థాయిని ససేమిరా ఒప్పుకోదు, వణుకుతో ఎదురు తిరుగుతుంది. కాబట్టి మత్తు, వెంటిలేటర్, గుండె మానిటర్ లేకుండా ఈ పని చేయడం కుదరదు. ఫిట్స్ వస్తున్న బిడ్డ మీద ఇంట్లో చన్నీళ్లు కుమ్మరించడం, మంచు ముక్కలు పెట్టడం ఈ చికిత్స కాదు, హాని మాత్రం చేయగలదు.

చల్లదనం మూర్ఛను ఎందుకు ఆపగలదు అన్న ప్రశ్నకు శరీరశాస్త్రం గట్టి జవాబే ఇస్తుంది. మెదడులో నాడీకణాలను ఉద్రేకపరిచే రసాయనాల్లో ముఖ్యమైనది గ్లుటమేట్, శాంతపరిచేది గాబా. మూర్ఛ సాగుతున్నకొద్దీ ఈ రెండింటి మధ్య తూకం చెడిపోతుంది. గాబాను అందుకునే గ్రాహకాలు కణం ఉపరితలం నుంచి లోపలికి వెళ్లిపోతాయి, గ్లుటమేట్‌ను అందుకునే గ్రాహకాలు అదనంగా పైకి వస్తాయి. బెంజోడయజెపీన్లు పనిచేసేది గాబా గ్రాహకాల మీదే కాబట్టి, పదో నిమిషంలో చక్కగా పనిచేసే మందు గంట తరువాత అదే మోతాదులో పనిచేయదు. మందు తీసుకోవాల్సిన తలుపులే మూతపడి ఉంటాయి. చల్లదనానికి ఈ తలుపులతో పని లేదు. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ మెదడు శక్తి వినియోగం సుమారు 6 నుంచి 7 శాతం తగ్గుతుంది, గ్లుటమేట్ విడుదల మందగిస్తుంది, వాపూ, రక్తనాళాల గోడల నుంచి ద్రవం ఊరడమూ తగ్గుతాయి. ఎలుకలకు ప్రయోగశాలలో మూర్ఛ తెప్పించి చూసినప్పుడు, చల్లబరిచిన వాటిలో హిప్పోకాంపస్ అనే జ్ఞాపకశక్తి కేంద్రంలో కణాలు తక్కువగా చచ్చిపోయాయి, వేడి పెంచిన వాటిలో ఎక్కువగా చచ్చిపోయాయి.

దీనికి ఆపరేషన్ థియేటర్‌లో కంటికి కనిపించే రుజువు కూడా ఉంది. మెదడు శస్త్రచికిత్సలో మాట, కదలిక వంటి కేంద్రాలు ఎక్కడున్నాయో గుర్తించడానికి మెదడు పైపొరను సన్నని కరెంటుతో తాకుతారు. ఒక్కోసారి అది మూర్ఛను రేపుతుంది. అప్పుడు సర్జన్ చేసే మొదటి పని ఆ చోట చల్లని సెలైన్ ద్రావణం పోయడం. మూర్ఛ చాలాసార్లు క్షణాల్లో ఆగిపోతుంది. చల్లదనానికి మూర్ఛను అణచే శక్తి ఉందనడంలో సందేహం లేదు. సందేహమంతా ఆ తరువాతి అడుగులో ఉంది. ఈఈజీలో మూర్ఛ ఆగడమూ, ఆ బిడ్డ మూడు నెలల తరువాత మాట్లాడుతూ, నడుస్తూ, బడికి వెళ్లగలగడమూ రెండు వేర్వేరు ఫలితాలు. మొదటిది దొరికితే రెండోదీ దానితోపాటు వస్తుందని అనుకోవడం సహజమే, కానీ ఈ చికిత్స చరిత్రలో అతి పెద్ద చిక్కు ఆ ఊహలోనే ఉంది.

పిల్లల విషయంలో ఉన్న ఆధారం పిడికెడు. 1984లో ఓర్లోవ్‌స్కీ అనే వైద్యుడూ ఆయన సహచరులూ మొండి స్టేటస్‌లో ఉన్న ముగ్గురు పిల్లలకు బార్బిట్యురేట్ (థయోపెంటోన్ తరహా మందు) మత్తుతోపాటు శరీరాన్ని 30, 31 డిగ్రీల దాకా చల్లబరిచిన అనుభవాన్ని ప్రచురించారు. ఇప్పటి లెక్కల్లో అది చాలా లోతైన శీతలీకరణ. 2013లో అమెరికా నుంచి మరో ఐదుగురు పిల్లల వివరాలు వచ్చాయి. ఆ ఐదుగురిలోనూ మూర్ఛల భారం తగ్గిందని ఆ నివేదిక చెప్పింది. జ్వరం వచ్చిన కొద్ది రోజులకు ఆరోగ్యంగా ఉన్న బిడ్డను ఉన్నట్టుండి అతి మొండి స్టేటస్‌లోకి నెట్టే ‘ఫైర్స్’ అనే అరుదైన జబ్బులో ఒకరిద్దరికి చల్లదనం ఉపకరించిందన్న నివేదికలూ ఉన్నాయి. ఈ వివరాలు రాసిన వైద్యుల నిజాయితీని శంకించనక్కర్లేదు. అయితే ఆ పిల్లలందరికీ అదే సమయంలో మత్తుమందులు, మూర్ఛ మందులు, కొందరికి స్టెరాయిడ్లు, కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థాలు బాగా తక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారం కూడా అందుతుంటాయి. చల్లబరిచిన మూడో రోజున మూర్ఛ ఆగితే ఆ ఘనత దేనికి దక్కాలి? జబ్బు తన గడువు తీరి తానే నెమ్మదించి ఉంటే? పైగా బాగుపడిన బిడ్డ గురించి వైద్యపత్రికకు రాసేవారు ఎక్కువ, చల్లబరిచినా ప్రాణం దక్కని బిడ్డ గురించి రాసేవారు తక్కువ. అందువల్ల నివేదికల సంఖ్య పెరిగినా వాటి బలం అంతగా పెరగదు.

ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న పెద్ద పరీక్ష ఒక్కటే ఉంది, అది కూడా పెద్దవాళ్లలో జరిగింది. ఫ్రాన్స్‌లోని 11 ఐసీయూల్లో 2011 నుంచి 2015 దాకా జరిగిన ‘హైబర్నేటస్’ పరీక్షలో, స్టేటస్ వచ్చి వెంటిలేటర్ మీదకు చేరిన సుమారు 270 మందిని చీటీ తీసినట్టుగా రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి మామూలు చికిత్స మాత్రమే ఇచ్చారు, మరో వర్గానికి దానితోపాటు 24 గంటల పాటు 32 నుంచి 34 డిగ్రీల శీతలీకరణ ఇచ్చారు. 2016లో ఫలితం వెలువడింది. ఈఈజీలో మూర్ఛ కొనసాగుతున్నట్టు తేలినవారు చల్లబరిచిన వర్గంలో 11 శాతం, మామూలు వర్గంలో 22 శాతం. ఇక్కడిదాకా చదివితే చల్లదనం గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ పరీక్ష అసలు లెక్కకు పెట్టుకున్నది 90 రోజుల తరువాతి స్థితిని: వైకల్యం లేకుండా, లేదా నామమాత్రపు వైకల్యంతో మామూలు జీవితంలోకి తిరిగి వెళ్లినవారు ఎంతమంది అని. చల్లబరిచిన వర్గంలో 49 శాతం, మామూలు వర్గంలో 43 శాతం. ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రాగలిగేంత చిన్నది. చికిత్స వల్లనో జబ్బు వల్లనో వచ్చే ఇబ్బందులు మాత్రం చల్లబరిచినవారిలో 85 శాతం మందికి, మిగతావారిలో 77 శాతం మందికి కలిగాయి. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది నోటిలోని ద్రవాలు ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే న్యుమోనియా.

ఈ పరీక్షను చూసి శీతలీకరణ పనికిరాదని తీర్పు చెప్పడం తొందరపాటు. అందులో చేరినవారిలో చాలామందికి అప్పటికే మందులతో కంటికి కనిపించే మూర్ఛ ఆగిపోయింది. వారిది అతి మొండి స్టేటస్ కాదు. అక్కడ అడిగిన ప్రశ్న మెదడును ముందుజాగ్రత్తగా కాపాడగలమా అని. మందులన్నీ ఓడిపోయిన తరువాత మూర్ఛను ఆపగలమా అన్నది వేరే ప్రశ్న, దానికి ఈ పరీక్షలో జవాబు లేదు. పెరిగే వయసులో ఉన్న పిల్లల మెదడుకు పెద్దవాళ్ల ఫలితాన్ని నేరుగా అన్వయించడమూ కుదరదు. అయినా ఒక్క పాఠం మాత్రం దాటవేయడానికి వీల్లేనిది. మూర్ఛ భారం సగానికి తగ్గినా రోగి భవిష్యత్తు మారకపోవచ్చు. ఎందుకంటే స్టేటస్ తరువాత మిగిలే నష్టంలో పెద్ద వాటా దాన్ని రేపిన కారణానిది: మెదడువాపు, రక్తస్రావం, ఆక్సిజన్ అందకపోవడం. చల్లదనం మంటను తగ్గించవచ్చు కానీ నిప్పు పెట్టిన చేతిని పట్టుకోలేదు.

మెదడు దెబ్బతిన్న పిల్లలను ఇతర జబ్బుల్లో చల్లబరిచిన అనుభవం కూడా ఇదే జాగ్రత్తను నేర్పుతోంది. తలకు తీవ్రమైన గాయమైన 225 మంది పిల్లలపై కెనడా వైద్యుల ఆధ్వర్యంలో పలు దేశాల్లో జరిగిన పరీక్ష 2008లో వెలువడింది. 24 గంటల పాటు 32.5 డిగ్రీల వద్ద ఉంచిన పిల్లల్లో 21 శాతం మంది, మామూలు ఉష్ణోగ్రతలో ఉంచినవారిలో 14 శాతం మంది చనిపోయారు. ఆరు నెలల తరువాత తీవ్ర వైకల్యమో మరణమో మిగిలినవారు 31, 22 శాతం. ఈ తేడాలు కచ్చితంగా హాని అని తేల్చేంతగా లేకపోయినా, మేలు జరిగిందనడానికి ఏ ఆధారమూ మిగల్లేదు. గుండె ఆగి తిరిగి కొట్టుకున్న పిల్లల్లో 33 డిగ్రీలకూ 36.8 డిగ్రీలకూ మధ్య జరిపిన పరీక్షలు 2015లోనూ 2017లోనూ స్పష్టమైన తేడా చూపలేదు. పెద్దవాళ్ల బాక్టీరియా మెనింజైటిస్‌లో 2013లో వచ్చిన ఫ్రెంచి పరీక్షను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది: చల్లబరిచినవారిలో మరణాలు 51 శాతం, మిగతావారిలో 31 శాతం. మన ప్రాంతంలో స్టేటస్‌కు మెదడు ఇన్ఫెక్షన్లు ఒక ముఖ్య కారణం కాబట్టి ఈ చివరి అంకెలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సినవి.

ఒక్క నవజాత శిశువుల్లో మాత్రం శీతలీకరణ నిలదొక్కుకుంది. పుట్టుకలో ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న, నెలలు నిండిన శిశువులను 6 గంటల లోపు మొదలుపెట్టి 72 గంటల పాటు 33.5 డిగ్రీల దగ్గర ఉంచితే మరణాలూ వైకల్యమూ తగ్గుతాయని 2005 నుంచి వచ్చిన పెద్ద పరీక్షలు చూపాయి. ఈ శిశువులకు తరచుగా మూర్ఛలూ వస్తాయి కాబట్టి ఆ విజయాన్ని పెద్దపిల్లల స్టేటస్‌కు కూడా వాడుకోవచ్చన్న ఆశ కలగడం సహజం. భారతదేశంలో ఖరీదైన యంత్రాలు లేని చోట కూడా ఈ పని జరగడానికి వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ సహకారంతో, కరుగుతూ వేడిని పీల్చుకునే ప్రత్యేక పదార్థంతో పరుపు వంటి పరికరం తయారైంది. ఆ తరువాత భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు పెద్ద ఆసుపత్రుల్లో 408 మంది శిశువులపై జరిగిన ‘హీలిక్స్’ పరీక్ష 2021లో వెలువడి అందరినీ ఆలోచనలో పడేసింది. మరణమో తీవ్ర వైకల్యమో మిగిలినవారు చల్లబరిచిన వర్గంలో 50 శాతం, మామూలు వర్గంలో 47 శాతం. మరణాలు మాత్రమే చూస్తే 42, 31 శాతం. అదే చికిత్స, దాదాపు అదే ఉష్ణోగ్రత, అయినా ఫలితం తలకిందులైంది. ఇక్కడి శిశువుల్లో మెదడుకు దెబ్బ కాన్పుకు ముందే, గంటలో రోజులో ముందుగా మొదలై ఉండవచ్చన్నది ఒక వివరణ. ఎక్కడో పనిచేసిందన్న నమ్మకంతో ఒక చికిత్సను ఇక్కడికి తెచ్చేముందు ఇక్కడి పిల్లల్లోనే పరీక్షించాలన్న మాటకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ వెతకనక్కర్లేదు. లేకపోతే ఆ మరణాలు ఎవరి లెక్కలోకీ రాకుండా పోయేవి.

ఐసీయూలో ఈ చికిత్స ఎలా సాగుతుందో తెలిస్తే దాని బరువు అర్థమవుతుంది. బిడ్డ కింద, మీద చల్లని నీరు ప్రవహించే దుప్పట్లు ఉంచుతారు. కొన్నిచోట్ల పెద్ద రక్తనాళంలోకి గొట్టం పంపి రక్తాన్నే చల్లబరుస్తారు. పురీషనాళంలోనో అన్నవాహికలోనో ఉంచిన తీగ ఉష్ణోగ్రతను నిరంతరం కొలుస్తూ ఉంటుంది. వణుకు మొదలైతే శరీరం వేడిని పుట్టిస్తుంది, మెదడు శక్తి వినియోగం మళ్లీ పెరుగుతుంది, అంటే చికిత్స ఉద్దేశమే దెబ్బతింటుంది. వణుకును ఆపడానికి కండరాలను సడలించే మందు ఇస్తే, మూర్ఛ వస్తున్నా ఒళ్లు కదలదు. లోపల మెదడు మండుతూ ఉన్నా పైకి బిడ్డ ప్రశాంతంగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. అందుకే ఇరవై నాలుగు గంటలూ నడిచే ఈఈజీ, దాన్ని రాత్రి పూట కూడా చదవగల మనిషి లేకుండా ఈ చికిత్సకు దిగడం కళ్లకు గంతలు కట్టుకుని బండి నడపడమే. ఆ వసతి అన్ని పిల్లల ఐసీయూల్లోనూ లేదు. దుప్పటీ కొనడం సులువు, ఈఈజీ చదివే మనిషిని నిలుపుకోవడం కష్టం.

చల్లబడిన శరీరంలో మందుల నడక మారిపోతుంది. కాలేయంలోని ఎంజైములు మందగించడంతో మిడజోలామ్, ఫెంటనిల్, బార్బిట్యురేట్లు రక్తంలో ఎక్కువసేపు నిలిచిపోతాయి. నిన్నటి మోతాదే ఇవాళ అధిక మోతాదు అవుతుంది, బీపీ పడిపోతుంది. గుండె వేగం తగ్గుతుంది, రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది, ఇన్ఫెక్షన్లను ఎదిరించే శక్తి సన్నగిల్లుతుంది, పేగుల కదలిక ఆగిపోయి పాలు జీర్ణం కావు. చల్లబరిచేటప్పుడు పొటాషియం కణాల లోపలికి పోయి రక్తంలో తగ్గుతుంది. దాన్ని పూడ్చడానికి ఎడాపెడా ఎక్కిస్తే, తిరిగి వేడి చేసేటప్పుడు అదంతా రక్తంలోకి వచ్చి గుండె లయ తప్పవచ్చు. అన్నిటికన్నా నాజూకైన ఘట్టం ఈ తిరిగి వేడిచేయడమే. గంటకు పావు డిగ్రీ నుంచి అర డిగ్రీ చొప్పున, ఓపికగా చేయాలి. తొందరపడితే మెదడు వాపు పెరగవచ్చు, ఆగిందనుకున్న మూర్ఛ తిరగబెట్టవచ్చు. చల్లదనంలో మూర్ఛ ఆగడం ఎంత ఊరట కలిగించినా, 37 డిగ్రీలకు వచ్చిన తరువాత కూడా ఆగి ఉంటేనే అది ఆగినట్టు.

ఈ చర్చలో లోతైన చల్లదనానికీ, జ్వరాన్ని రానీయకపోవడానికీ మధ్య ఉన్న తేడా తరచుగా మరుగున పడుతోంది. గంటసేపు కండరాలు కొట్టుకున్న బిడ్డ శరీరం దానివల్లే వేడెక్కుతుంది, ఇన్ఫెక్షన్ ఉంటే మరీనూ. జ్వరంతో పాటు అరగంటకు మించి మూర్ఛ సాగిన పిల్లలను అనుసరించిన అమెరికా అధ్యయనంలో, కొద్ది రోజుల్లోనే తీసిన ఎమ్మారైలో సుమారు 11 శాతం మందికి హిప్పోకాంపస్‌లో మార్పులు కనిపించాయి. మామూలు జ్వరపు ఫిట్స్ వచ్చిన పిల్లల్లో ఎవరికీ కనిపించలేదు. ఆ మార్పులు కొందరిలో తరువాతి కాలంలో మొండి మూర్ఛ వ్యాధికి దారితీయవచ్చన్న అనుమానం పాతదే.

జపాన్ పిల్లల వైద్యులు ఈ దారిలో ఎక్కువ దూరం నడిచారు. అక్కడ పసిపిల్లల్లో ఇన్‌ఫ్లుయెంజా వల్లనో, ఒళ్లంతా దద్దుర్లు తెచ్చే రోజియోలా వైరస్ వల్లనో ఒక వింతైన మెదడు జబ్బు వస్తుంది. మొదటి రోజు జ్వరంతో పాటు దీర్ఘమైన మూర్ఛ వస్తుంది. మరునాటికి బిడ్డ కొంత తేరుకుంటుంది, ఎమ్మారై కూడా మామూలుగానే ఉంటుంది. నాలుగు నుంచి ఆరో రోజు మధ్య ఫిట్స్ గుంపుగా తిరిగొస్తాయి, ఎమ్మారైలో మెదడు తెల్లపదార్థం కొమ్మలు చాచిన చెట్టులా మెరుస్తుంది. మొదటి మూర్ఛకూ రెండో దెబ్బకూ నడుమ ఉన్న ఆ రోజుల్లో ఏదైనా చేయగలిగితే బిడ్డ దక్కుతుంది కదా అన్న ఆశతో, దీర్ఘ మూర్ఛ తరువాత త్వరగా స్పృహ రాని పిల్లల శరీర ఉష్ణోగ్రతను 34 నుంచి 36 డిగ్రీల చుట్టూ స్థిరంగా ఉంచే పద్ధతిని కోబె వంటి చోట్ల అనుసరించారు. త్వరగా మొదలుపెట్టిన పిల్లల్లో వైకల్యం తక్కువగా మిగిలినట్టు వారి రికార్డులు సూచిస్తున్నాయి. అవి వెనక్కి తిరిగి చూసి పోల్చిన లెక్కలే తప్ప చీటీ తీసి చేసిన పరీక్షలు కావు. అయినా ఆ ఆలోచనలో ఒక తర్కం ఉంది: నష్టం జరగబోయే సమయం ముందే తెలిసిన జబ్బు అది, చికిత్సకు అలాంటి వ్యవధి దొరకడం అరుదు.

గుండె ఆగిన పెద్దవాళ్లలో సుమారు 1,900 మందిపై జరిగి 2021లో వెలువడిన పరీక్ష కూడా 33 డిగ్రీల చల్లదనం, జ్వరం రాకుండా కాపు కాయడం కన్నా మేలు కాదని తేల్చింది. ఆ తరువాత ఐసీయూల్లో ధోరణి శరీరాన్ని చల్లబరచడం నుంచి జ్వరాన్ని కట్టడి చేయడం వైపు మళ్లింది. పిల్లల స్టేటస్‌లోనూ ఇప్పటికి సమర్థించదగిన వైఖరి అదే: ఉష్ణోగ్రతను 37 డిగ్రీలు దాటనీయకుండా, రోజుల తరబడి గట్టిగా పట్టి ఉంచడం. దీనికి ప్రత్యేక యంత్రం లేకపోయినా ఫరవాలేదు, గంటగంటకూ కొలిచి రాసే నర్సు ఉంటే చాలా వరకు సాధ్యమే. 33 డిగ్రీల దాకా దించడం మాత్రం మత్తుమందులు, కెటమిన్, కీటోజెనిక్ ఆహారం విఫలమైన తరువాత, పసిపిల్లల్లో పిరిడాక్సిన్ (విటమిన్ బి6) కూడా ఇచ్చి చూసి, మూర్ఛ మూలానికి చికిత్స జరుగుతున్నప్పుడు కొంత వ్యవధి సంపాదించడానికి మాత్రమే తగిన ప్రయత్నం. ఆ మూలం చికిత్సకు లొంగేదై ఉండాలి: యాంటీబాడీల వల్ల వచ్చిన మెదడువాపు వంటిది. లొంగే కారణం లేని చోట చల్లదనం తెచ్చే వ్యవధి ఐసీయూ రోజులను మాత్రమే పెంచవచ్చు. కుటుంబానికి ఈ మాట మొదలుపెట్టేముందే, వారికి అర్థమయ్యే తెలుగులో చెప్పడం వైద్యుల బాధ్యత.

తెలుగు నేలకు ఈ విషయంలో తనదైన చేదు జ్ఞాపకం ఉంది. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చండీపురా వైరస్‌తో ముడిపడిన మెదడువాపు 329 మంది పిల్లలకు సోకింది, 183 మంది చనిపోయారు. జ్వరం, ఫిట్స్, స్పృహ తప్పడం, చాలామందిలో ఒకటి రెండు రోజుల్లోనే మరణం. అంత వేగంగా కబళించే జబ్బులో ఆఖరి మెట్టు చికిత్స గురించి ఆలోచించే వ్యవధే ఉండదు. అక్కడ తేడా తేగలిగినవి మొదటి గంటలోని పనులు: శ్వాస నిలబెట్టడం, రక్తంలో చక్కెర, సోడియం చూడడం, జ్వరాన్ని దించడం, మూర్ఛను మొదటి మందుతోనే ఆపడం.

ఆ మొదటి మందే అన్నిచోట్లా ఆలస్యమవుతోంది. అమెరికాలో పిల్లల ఆసుపత్రులు కలిసి మొండి స్టేటస్‌పై చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. మూర్ఛ మొదలైన తరువాత మొదటి మందు అందడానికి పట్టిన మధ్యస్థ సమయం 28 నిమిషాలు, రెండోదానికి 40, మూడోదానికి 59. గాబా గ్రాహకాలు లోపలికి జారిపోయే వేగంతో పోలిస్తే 28 నిమిషాలు చాలా ఎక్కువ. అదే బృందం 2018లో ప్రచురించిన మరో అధ్యయనంలో, మొదటి పది నిమిషాల్లో మందు అందని పిల్లల్లో మూర్ఛ ఎక్కువసేపు సాగింది, మరణాలు కూడా ఎక్కువగా కనిపించాయి. శీతలీకరణ దాకా వచ్చే బిడ్డల్లో కొందరు ఈ మొదటి అరగంటలోనే ఆ దారి పట్టి ఉంటారు.

మన ఇళ్లలో ఆ అరగంట ఎలా గడుస్తుందో అందరికీ తెలిసిందే. చేతిలో తాళంచెవులు పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, పళ్ల మధ్య చెంచా దూర్చుతారు, నీళ్లు తాగించబోతారు. చెంచా పళ్లను విరగ్గొడుతుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ప్రేమతో చేసే ఈ పనుల్లోనే విలువైన నిమిషాలు కరిగిపోతాయి. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర బట్టలు వదులు చేసి, గడియారం చూసి, 108కు ఫోన్ చేయడం ముందు చేయాల్సిన పనులు. ఒకసారి దీర్ఘమైన మూర్ఛ వచ్చిన పిల్లలకు ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రేను వైద్యులు ముందే రాసిస్తారు. భారతదేశంలో అది దొరుకుతుంది, సూది అవసరం లేదు, మూర్ఛ 5 నిమిషాలు దాటగానే రాసిచ్చిన మోతాదులో ఇంట్లోనే ఇవ్వవచ్చు. ఇచ్చిన తరువాత శ్వాస ఎలా ఉందో చూస్తూ ఆసుపత్రికి బయలుదేరాలి. ఆ స్ప్రే ఏ అరలో ఉందో, దాని గడువు ఎప్పుడు తీరుతుందో, ఎన్నిసార్లు కొట్టాలో తల్లికి ఒక్కతెకే తెలిస్తే సరిపోదు. ఇంట్లో ఉండే నానమ్మకు, తాతయ్యకు, బడిలో క్లాస్ టీచర్‌కు కూడా ఒకసారి చేసి చూపించి ఉంచాలి.